హెతెఫెరెస్ సమాధి: తవ్వినవారి చేతిరాత

బోస్టన్ లలితకళల మ్యూజియంలో మెన్కౌరే చక్రవర్తి, ఆయన రాణి పక్కపక్కన నిలబడి ఉన్న రాతి శిల్పం ఒకటి ఉంది. సుమారు నాలుగున్నర వేల ఏళ్ళ నాటి ఆ శిల్పం 1910 జనవరిలో గీజా పిరమిడ్ల చెంత బయటపడింది. దానిని వెలికితీసినవాడు జార్జ్ రైస్నర్ అని గ్రంథాలు చెబుతాయి. ఆ మాట అబద్ధం కాదు, అయితే సంపూర్ణ సత్యమూ కాదు.

రైస్నర్ 1867లో ఇండియానాపోలిస్‌లో జన్మించాడు. హార్వర్డ్‌లో చదివాడు. 1905 నుండి హార్వర్డ్ విశ్వవిద్యాలయం, బోస్టన్ మ్యూజియం కలిసి సాగించిన తవ్వకాలకు మరణించేవరకు నాయకత్వం వహించాడు. నిధుల వేటే పురాతత్వంగా చలామణి అవుతున్న ఆ రోజుల్లో ఆయన మట్టిపొరల క్రమానికి, ఛాయాచిత్రానికి, దినచర్యకు ప్రాధాన్యమిచ్చాడు. తవ్విన పొరను తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు; రాసిపెట్టుకున్నదే మిగులుతుంది.

ఈ పద్ధతికి అసలు పరీక్ష 1925 ఫిబ్రవరిలో ఎదురైంది. రైస్నర్ అప్పుడు అమెరికాలో ఉన్నాడు. గీజాలో ఫోటోగ్రాఫర్ మొహమ్మదానీ ఇబ్రహీం కెమెరా నిలబెడుతుండగా ముక్కాలిపీట కాలు కింద సున్నపు పూత కనిపించిందని చెబుతారు. ఆ పూత కింద సుమారు 27 మీటర్ల లోతైన బావి, దాని అడుగున ఖుఫు చక్రవర్తి తల్లి హెతెఫెరెస్ సమాధి గది ఉన్నాయి. మంచం, కుర్చీలు, పల్లకీల కొయ్య పొడియైపోయి, బంగారు రేకులు మాత్రం పడినచోటనే నిలిచి ఉన్నాయి. ఒక్కొక్క రేకు ఉన్న చోటును నమోదు చేస్తూ ఆ చిన్న గదిని ఖాళీ చేయడానికి 321 రోజులు పట్టింది. ఆ నమోదు ఆధారంగానే ఆ సామగ్రికి మళ్ళీ రూపం కల్పించగలిగారు.

1927 మార్చి 3న రాతి శవపేటిక తెరిచారు. లోపల ఏమీ లేదు! అంతరావయవాలను భద్రపరచిన పేటిక మాత్రం అక్కడే ఉంది. రాణి దేహం ఏమైంది? అసలు సమాధిని దొంగలు దోచుకోగా మిగిలిన సామగ్రిని ఇక్కడికి తరలించారని రైస్నర్ ఊహించాడు. 1985లో మార్క్ లేనర్ దానిని కాదని వేరొక వివరణ ప్రతిపాదించాడు. అరవై ఏళ్ళ తరువాత ఆ వాదానికి ఆస్కారమిచ్చినది పాత రికార్డులే.

ఆ రికార్డులను నింపిన చేతులు ఎవరివి? ఎగువ ఈజిప్టులోని కుఫ్త్ గ్రామస్థులు తరతరాలుగా తవ్వకాలలో ఆరితేరినవారు. రైస్నర్ వారిని కూలీలుగా మాత్రమే చూడలేదు. ఫోటోగ్రఫీ నేర్పించాడు, దినచర్యలు రాయించాడు. వారి మేస్త్రీలు అరబిక్‌లో రాసిన డెబ్బైకి పైగా పుస్తకాలు ఈజిప్టులో వారి కుటుంబాల వద్ద చాలాకాలం భద్రంగా ఉండి, ఈ శతాబ్దంలోనే బోస్టన్ పండితుల చేతికి అందాయి. ఇంగ్లీషు దినచర్యలు గ్రంథాలయంలో చేరి చరిత్ర అయ్యాయి. అదే పనిని అరబిక్‌లో రాసిన పుస్తకాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి.

చూపు దాదాపు పోయినా గీజాను విడువని రైస్నర్ 1942లో అక్కడి శిబిరంలోనే కన్నుమూశాడు. ఆయన కీర్తికి ఆ అరబిక్ పుస్తకాల వల్ల లోటేమీ రాదు. అన్నీ రాసిపెట్టాలన్న ఆయన నియమమే ఆయన పక్కన పనిచేసినవారి పేర్లనూ నిలిపింది. వాటిని చదివే బాధ్యత ఈ తరానిది.