మషక్ నుండి క్యాను దాకా: మన జిల్లా మంచినీళ్ళ కథ

మా బడిలో చరిత్ర పాఠం చెప్పేటప్పుడు పిల్లలు రాజుల పేర్లు అడుగుతారు, యుద్ధాల తేదీలు అడుగుతారు. నీళ్ళ చరిత్ర అడిగినవాడు యింతవరకు ఒక్కడూ లేడు. సంచికకు ఏదైనా వ్రాయమని సొసైటీ పెద్దలు కోరినప్పుడు, వాళ్ళు అడగని ఆ సంగతే వ్రాద్దామనిపించింది.

బిస్తీ అన్న మాట మన పెద్దవాళ్ళు విన్నదే. మేకతోలుతో కుట్టిన మషక్‌ను భుజాన వేసుకుని యింటింటికీ నీళ్ళు పోసినవాడు బిస్తీ. ఫార్సీలో బిహిష్త్ అంటే స్వర్గం. దప్పిక తీర్చేవాడికి ఆ పేరు పెట్టిన వాళ్ళ మనసు ఎంత మంచిదో చూడండి. 1539లో చౌసా దగ్గర షేర్ ఖాన్ చేతిలో ఓడిపోయి గంగలో కొట్టుకుపోతున్న హుమాయూన్‌ను నిజాం అనే బిస్తీ గాలి నింపిన మషక్ యిచ్చి గట్టుకు చేర్చాడని, అందుకు పాదుషా అతణ్ణి కాసేపు తన సింహాసనం మీద కూర్చోబెట్టాడని చరిత్రల్లో వున్నది. ఆ తర్వాత ఏ పాదుషా కూడా బిస్తీని తలచుకున్నట్టు లేదు, అది వేరే సంగతి.

మన వైపు బిస్తీలు లేని పల్లెల్లో ఆడవాళ్ళే బిస్తీలు. గుండ్లకమ్మ యిసుకలో, మూసీ యిసుకలో (ఇది హైదరాబాదు మూసీ కాదు, మన జిల్లాది) చెలమ తీసి, ఊట వచ్చేదాకా కూర్చుని, చిప్పతో తోడి బిందె నింపేవారు. సముద్రం వైపు, కొత్తపట్నం మొదలు చీరాల, బాపట్ల దాకా యిసుక నేలల్లో దొరువులు వుండేవి. దొరువంటే లోతులేని గుంట. వాననీరు యిసుకలో యింకి, అడుగున వున్న ఉప్పునీటి మీద పలచని పొరలా తేలి వుంటుంది. నిదానంగా తోడితే మంచినీరే వస్తుంది, ఆశపడి లోతుకు తవ్వితే ఉప్పు పైకి లేస్తుంది. తర్వాతి కాలంలో బాపట్ల ఉప్పునీటి పరిశోధనా కేంద్రం వారు నేలలో అడ్డంగా గొట్టాలు పరచి, ఆ పై పొరను మాత్రమే తీసే పద్ధతి చెప్పారు.

యిదే సంగతి మాల్దీవుల వారిని అడిగితే యింకా బాగా చెబుతారు. ఆ దీవులన్నీ యిట్లాంటి దొరువుల మీద బ్రతికినవే. జనం పెరిగేకొద్దీ బావులు పాడైనాయి. 1978లో అక్కడ కలరా వ్యాపించింది. తర్వాత వాననీటి తొట్లు వచ్చాయి, రాజధాని మాలేలో సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రాలు వచ్చాయి. 2014 డిసెంబరు 4న ఆ యంత్రాల దగ్గర నిప్పంటుకునేసరికి లక్షమందికి పైగా వున్న పట్నంలో కుళాయిలు ఎండిపోయాయి. మన దేశం విమానాల్లో, ఓడల్లో నీళ్ళు పంపింది. చుట్టూ సముద్రమే, త్రాగడానికి గుక్కెడు లేదు.

మన పశ్చిమ తాలూకాలకు చుట్టూ సముద్రం లేదు గాని, రాయి వున్నది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళవల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోతున్నాయని అందులో చూపించారు. నెల్లూరని వున్నది గదా, మనకేమి అనుకోరాదు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరులోనివే. 1970 ఫిబ్రవరి 2న మన జిల్లా ఏర్పడినప్పుడు యిటు వచ్చాయి. జిల్లా మారింది, బావి మారలేదు.

ఆ రాళ్ళలోని ఫ్లోరైడు మెల్లగా నీటిలో కరుగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ, నీరు ఎక్కువకాలం రాతిలో నిలిచినదైతే, అది ఎక్కువయ్యే ప్రమాదం వున్నది. కాస్తే పోదు, నీరు ఆవిరై యింకా చిక్కనౌతుంది. 1970లలో నాగపూరు జాతీయ సంస్థ వారు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే నల్గొండ పద్ధతి కనిపెట్టారు. పద్ధతి మంచిదే, కాని రోజూ కొలత తప్పకుండా కలిపే మనిషి కావాలి.

కనిగిరి వైపు మాకు ఖాలా వరుస ఒకామె వున్నారు. యాభై దాటకముందే మెడ తిరగడం మానింది. రుకూలోకి వంగలేక కుర్చీ మీద కూర్చుని నమాజు చేస్తారు. ఆ వైపునుండి వచ్చి మా బడిలో చేరిన ఒక పిల్లవాడు పద్యం అప్పజెప్పేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. మొదట్లో భయమనుకుని కసిరాము. తర్వాత పళ్ళు చూశాము. ఆ రోజు మాకు మామీద మాకే సిగ్గేసింది.

ఒంగోలు పట్నం సంగతి వేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఆ కుడికాలువ నీరే పట్నం చెరువుల్లో నిలవచేసి మనకు కుళాయిల్లో యిస్తున్నారు. మనం కాలువ చిట్టచివర వున్నాము గనుక, పైన తక్కువైతే యిక్కడ బిందెల బారు మొదలవుతుంది. చిన్నప్పుడు అమ్మీ వెంట ఆ బారులో నిలబడే మేము ఎక్కాలు నేర్చుకున్నాము.

మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టును 2008లో జాతికి అంకితం చేసినప్పుడు యిక దిగులు లేదనుకున్నాము. నిండితే 3.8 టిఎంసీల పైమాటే. 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబరు తుపానులో మరొకటి. నిలవ వున్న నీరు సముద్రం పాలైంది. పశ్చిమానికి కృష్ణ నీరు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ యేడు పుట్టిన పిల్లలకు యిప్పుడు పిల్లలున్నారు.

యీలోగా యింటింటికీ 20 లీటర్ల క్యాను వచ్చింది. బిస్తీ పోయి ఆటోవాడు వచ్చాడు. కొనగలిగినవాళ్ళు కొంటున్నారు. కొనలేనివాళ్ళు వంటకూ త్రాగడానికీ బోరే వాడుతున్నారు.

పోయిన సెలవుల్లో ఖాలా యింటి బోరు నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు యిచ్చాము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. కాగితం మీద దానికి రెట్టింపు పైన వచ్చింది. ఖాలా కొడుకు ఆ కాగితాన్ని అటూ యిటూ తిప్పి చూసి, "తియ్యగానే వుంటాయి గదా భాయ్ యీ నీళ్ళు" అన్నాడు.