ఆంగ్లో-సాక్సన్ ప్రాచీన మతం

ఆంగ్లో-సాక్సన్ ప్రాచీన మతం అనగా క్రీ.శ. 5వ శతాబ్దం నుండి ఉత్తర జర్మనీ, డెన్మార్క్ ప్రాంతాల నుండి బ్రిటన్‌కు వలస వచ్చిన ఆంగ్లులు, సాక్సన్లు, జూట్లు క్రైస్తవాన్ని స్వీకరించుటకు పూర్వం ఆచరించిన బహుదేవతారాధన. దీనికి ధర్మగ్రంథం లేదు. ఆచరించినవారు తమ విశ్వాసాలను వ్రాసిపెట్టలేదు. లభించే వివరాలలో అధికభాగం ఆ మతాన్ని వ్యతిరేకించిన క్రైస్తవ సన్యాసులు, ముఖ్యంగా బీడ్, వ్రాసినవే. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో గ్రంథస్థమైన దేవతా కథలను వీరికి యథాతథంగా అన్వయించుట సరికాదు.

దేవతలు

వోడెన్, థునోర్, టీవ్, ఫ్రిగ్ ముఖ్య దేవతలు. రోమనుల నుండి గ్రహాల పేరిట ఏర్పడిన వారాలను గ్రహించినపుడు జర్మానిక్ జాతులు ఆ గ్రహదేవతల స్థానంలో తమ దేవతలను ఉంచారు. కుజునికి టీవ్, బుధునికి వోడెన్, గురునికి థునోర్, శుక్రునికి ఫ్రిగ్. కావున ఇంగ్లీషు వెన్స్‌డే, తెలుగు బుధవారం ఒకే గ్రహానికి చెందిన దినాలు. శనివారానికి మాత్రం శాటర్న్ అనే రోమన్ పేరే నిలిచింది. రాజవంశాలలో పెక్కు తమ మూలపురుషుడు వోడెన్ అని చెప్పుకొన్నాయి; ఎసెక్స్ రాజులు మాత్రం సాక్స్‌నేట్ పేరు చెప్పారు.

ఏప్రిల్ మాసానికి ఎయోస్ట్రె అనే దేవత పేరు ఉండెనని, ఈస్టర్ పండుగ పేరు దాని నుండే వచ్చిందని బీడ్ వ్రాశాడు. ఈ దేవత అతని కల్పన అని కొందరు పండితులు భావించారు. అయితే 1958లో జర్మనీలో ఆస్ట్రియాహెనే అనే మాతృదేవతలకు అంకితమైన రోమన్ కాలపు శాసనాలు నూటికి పైగా బయల్పడ్డాయి. పేర్ల పోలికను బట్టి బీడ్ మాట నమ్మదగినదేనని పలువురి అభిప్రాయం.

ఆచారాలు

బీడ్ 725లో వ్రాసిన కాలగణన గ్రంథం ప్రకారం డిసెంబరు 25తో సంవత్సరం ఆరంభమయ్యేది. ఆ రాత్రిని 'తల్లుల రాత్రి' అనేవారు. ఫిబ్రవరిలో దేవతలకు రొట్టెలు నివేదించేవారు. నవంబరు 'బలుల మాసం': వధించబోయే పశువులను దేవతలకు అర్పించేవారు. శీతాకాలమంతా మందలన్నిటినీ మేపుట కష్టం గనుక ఈ బలికి వ్యవసాయ కారణం కూడా ఉన్నదనవచ్చు. మృతులను దహనం చేయుట, ఖననం చేయుట రెండూ ఉండేవి.

క్షీణత

597లో అగస్టీన్ కెంట్ రాజ్యానికి వచ్చాడు. 601లో పోప్ గ్రెగరీ ఆలయాలను కూల్చవద్దని, విగ్రహాలను మాత్రమే తొలగించి ఆ ఆలయాలనే చర్చిలుగా మార్చమని లేఖ వ్రాశాడు. తూర్పు ఆంగ్లియా రాజు రెడ్వాల్డ్ ఒకే ఆలయంలో క్రీస్తుకు ఒక పీఠం, పాత దేవతలకు మరొకటి ఉంచాడట! 655లో మెర్సియా రాజు పెండా, 686లో వైట్ ద్వీపపు రాజు అర్వాల్డ్ మరణించిన తరువాత ఈ మతాన్ని అనుసరించే రాజులు లేరు. అయినను ఆ తరువాత క్రైస్తవులు నకలు వ్రాసుకొన్న ఒక వైద్య గ్రంథంలో, విషానికి విరుగుడైన తొమ్మిది మూలికల మంత్రంలో, వోడెన్ పేరు కనిపిస్తుంది.