పండుగ పూట బస్తీ వార్తలు: నగర చరిత్రలో వాటి స్థానం

సెలవు రోజుల్లో హైదరాబాదు దినపత్రికల నగర పేజీలు తిరగేసేవారికి వాటి మూస తేలిగ్గానే పట్టుబడుతుంది. ఫలానా బస్తీలో విగ్రహం ఎత్తు ఇన్ని అడుగులు, ఫలానా చోట లడ్డూ వేలంలో ఇంత పలికింది, ఫలానా రోడ్డు మీద వాహనాలు మళ్లించారు, హుస్సేన్‌సాగర్ కట్ట మీద ఇన్ని క్రేన్లు నిలిపారు. ఆషాఢంలో బోనాలు మొదలైంది లగాయతు భాద్రపదంలో నిమజ్జనం ముగిసేదాకా వార్తలన్నీ ఈ మూసలోనే పోసినట్టుంటాయి. సాహిత్య విమర్శకులు వీటి జోలికి పోరు. చరిత్ర రాసేవారు వీటిని లెక్కలోకి తీసుకోరు. కొన్నేళ్లుగా ఈ వార్తలను కత్తిరించి దాచుకుంటున్నవాడిగా నా అభిప్రాయం వేరు. పండుగ పూట బస్తీలో జరిగినదాన్ని వదిలేస్తే ఈ నగర చరిత్రలో పెద్ద భాగమే పోతుంది. పత్రిక అందులో దేన్ని నిలబెడుతున్నది, దేన్ని జారవిడుస్తున్నది అన్న ప్రశ్న నిజానికి ఈ నగరం ఎవరిదన్న ప్రశ్నే.

ఈ దారి మనకు కొత్తదేమీ కాదు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడింది. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన తొలి బహుమతి 1955లో దానికే దక్కింది. రాజుల వంశావళులూ యుద్ధాలూ మాత్రమే చరిత్ర కాదనీ, జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, చేసుకున్న పండుగ కూడా చరిత్రకు ఆధారాలేననీ ఆయన చూపించారు. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిన పాత్రికేయుడే ఈ గ్రంథం రాయడం కాకతాళీయమని నేననుకోను. చిన్న వార్తకున్న విలువ పత్రిక నడిపినవాడికి తెలుస్తుంది. ఆయన చూపిన పద్ధతిని పల్లెకు అన్వయించుకున్నంతగా మనం నగరానికి అన్వయించుకోలేదు.

లష్కర్ బోనాలనే తీసుకుందాం. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయానికి ఒక స్థలకథ ఉన్నది. 1813లో ఇక్కడ అంటువ్యాధి చెలరేగి వేలమంది చనిపోయారు. సైన్యంలో డోలీ మోసే సూరిటి అప్పయ్య అప్పుడు తన పటాలంతో ఉజ్జయినిలో ఉన్నాడు. జబ్బు తగ్గితే అమ్మవారిని తమ ఊళ్లో నిలుపుతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగివచ్చి కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడు. ఇందులో మహిమ సంగతి భక్తులకు వదిలేద్దాం. మన దృష్టికి ఆనవలసినవి వేరే ఉన్నాయి. లష్కర్ అంటే సైన్యం. బ్రిటిషు కంటోన్మెంటు ఈ ఊరికి ఆ పేరు తెచ్చింది. పటాలం వెంట కూలీలు దేశాలు తిరిగారు. వైద్యం అందని కాలంలో జబ్బు బస్తీలను ఊడ్చుకుపోయింది. ఆ భయంలోంచి, ఆ ప్రయాణంలోంచి ఈ పండుగ పుట్టిందని జనం చెప్పుకుంటున్నారు. రెండు వందల ఏళ్లుగా వాళ్లు గుర్తుపెట్టుకున్న పేరు ఏ నవాబుదో దివానుదో కాదు, ఒక డోలీ మోసినవాడిది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇవాళ పత్రికల్లో ఈ పండుగ వార్తంటే పట్టువస్త్రాలు సమర్పించిన ప్రముఖుల ఫొటో, మర్నాడు రంగంలో చెప్పిన భవిష్యవాణి. డోలీ మోసినవాడి ఊసుకు ఆ వార్తల్లో చోటు బహు తక్కువ.

ఇక వినాయక చవితి. నిజాం పాలనలో గస్తీ నిషాన్ 53 అనే ఫర్మానా ఉండేది. నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. అటువంటి రాజ్యంలో పదిమంది వీధిలో చేరడమే రాజకీయం. 1948 సెప్టెంబరులో ఆ రాజ్యం అంతరించింది. మరి ఆరేళ్లకు, 1954లో, ఖైరతాబాదులో సింగరి శంకరయ్య ఒక అడుగు ఎత్తు వినాయకుణ్ణి నిలబెట్టారు. మహారాష్ట్రలో 1890ల నాడు తిలక్ ఈ పండుగను ఇంటి గడప దాటించి వీధిలోకి తెచ్చిన తీరే దానికి స్ఫూర్తి. ఏడాదికో అడుగు చొప్పున పెంచుకుంటూ పోవడం అక్కడ ఆనవాయితీ అయింది. 2014కు విగ్రహం 60 అడుగులకు చేరింది. కోవిడ్ ఏడాది 2020లో 9 అడుగులకు దిగింది. 2024లో 70 అడుగులకు లేచింది. అడుగు విగ్రహం బస్తీవాళ్లదిగా ఉండేది. అరవై, డెబ్బై అడుగుల విగ్రహం నగరమంతటిదీ అయింది. అది సహజమే. కానీ బస్తీ పేరు అందరి నోళ్లలో పడినకొద్దీ బస్తీ మనుషులు వార్తలోంచి తప్పుకున్నారు. మిగిలింది ఎత్తు ఒక్కటే.

విగ్రహాలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. పాతనగరంలోని ధూల్‌పేట లోధీల పేట. వాళ్ల పూర్వీకులు బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరారు. కొలువులు పోయాక చాలా కుటుంబాలకు సారాబట్టీ బతుకుతెరువైంది. పోలీసు దాడులు, కేసులు, జైలు ఆ పేట మీద ముద్రలయ్యాయి. విగ్రహాల తయారీ వాళ్లకు పరువుగా బతికే దారి చూపింది. ఆ పని కష్టం వానాకాలంతో ముడిపడి ఉన్నది. మట్టి విగ్రహం ఆరడానికి రోజులు పడుతుంది, తడి ఉండగా కదిలిస్తే పగులుతుంది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ గంటల్లో గట్టిపడుతుంది, తేలిగ్గా ఉంటుంది, అచ్చులో పోసి కొబ్బరి పీచుతో బిగిస్తే పెద్ద బొమ్మ కూడా నిలుస్తుంది. చౌక మీద, ఎత్తు మీద మోజుపడిన కొనుగోలుదారే ప్లాస్టరును ఆ పేటలోకి తెచ్చాడు. ఆ తర్వాత చెరువు పాడైంది. 2021లో హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాల నిమజ్జనం కూడదన్నది. సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇచ్చింది. 2022లో ఖైరతాబాదు కమిటీ 50 అడుగుల విగ్రహాన్ని మట్టితోనే చేయించింది. పెద్ద చందాలున్న కమిటీకి అది సాధ్యమే. అప్పు తెచ్చి షెడ్డు వేసుకుని, అమ్ముడుపోని బొమ్మలను మళ్లీ ఏడాదిదాకా కాపలా కాసే చేతిపనివాడికి ఆ మార్పు ఖర్చు ఎవరు భరించాలి? చెరువును కాపాడవలసిందే. అయితే దాని భారమంతా అందరికంటే బలహీనుడి నెత్తిన పడితే అది న్యాయం కాదు. పర్యావరణం మీద వచ్చే వార్తల్లో ఈ రెండో మాట చాలా అరుదు.

పండుగ వార్త అన్ని వేళలా ఉత్సాహపు వార్తే కాదు. 1980ల ఆరంభానికి వేర్వేరు బస్తీల ఊరేగింపులను కలిపి ఒకే పెద్ద ఊరేగింపుగా నడిపించడం బలపడింది. 1984 ఆగస్టు 16న ఎన్‌.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించారు. నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. శాసనసభలో బలం తేలవలసిన సెప్టెంబరులోనే నిమజ్జనం వేళ పాతనగరంలో మతఘర్షణలు చెలరేగాయి, కర్ఫ్యూ పడింది. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. గద్దె కోసం పోరు ఒకచోట సాగుతుంటే తలుపులు మూసుకుని పస్తులున్నది రెండు మతాల దినకూలీలు. తరతరాలుగా పీర్ల పండుగలో హిందువులు పాలుపంచుకున్న నేల ఇది. ఆ ఇరుగుపొరుగుతనం మతం పేర తెగిపోలేదనీ, దాన్ని తెంచవలసిన అవసరం కొందరికి కలిగిందనీ చెప్పగలిగేది ఆ వీధుల జ్ఞాపకమే. ఏ నివేదికలోనైనా దానికి దక్కే చోటు తక్కువ.

తెలుగు పత్రికలు బస్తీల దాకా, పల్లెల దాకా రావడం మంచిదే జరిగింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన 'ఈనాడు' 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. మిగతా పత్రికలూ ఆ బాట పట్టాయి. ఎన్నడూ అచ్చులో పేరు చూసుకోని వీధులు అచ్చుకెక్కాయి. దానితోపాటే వార్తకు ధర కట్టడమూ వచ్చింది. నగరం అంచున ఉన్న బాలాపూర్‌లో లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. ఆ సొమ్ముతో ఊరి పనులు చేసుకోవడం అక్కడి రివాజు. దాన్ని చులకన చేయను. 2024లో బండ్లగూడ జాగీర్‌లోని ఒక విల్లాల సముదాయంలో లడ్డూ 1 కోటి 87 లక్షలు పలికింది. ఆ డబ్బూ సేవా కార్యక్రమాలకేనన్నారు, కావచ్చు. 450 రూపాయలకూ కోటీ 87 లక్షలకూ మధ్య ఏం జరిగిందన్నదే అసలు వార్త. పొలాలు ప్లాట్లయ్యాయి, భూమి ధర ఆకాశానికంటింది, ఊరు గేటు లోపలిదీ బయటిదీ అని రెండుగా చీలింది. లడ్డూ ధర ఆ చీలికకు కొలత. పత్రిక కొలతను పతాకశీర్షికగా పెట్టి చీలిక సంగతి మరిచింది.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం లాగే వాహనం మొరాయించింది. కుర్రవాళ్లు దాన్ని చేతులతో నెట్టుకుంటూ పోతుంటే కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. కొద్దిరోజుల్లోనే ఆ వార్త స్తంభాల మీది కేబుల్ తీగల తగాదాగా మారింది. ఎవరి తీగ, ఎవరి బాధ్యత అన్న వాదన సాగింది. అవి తేలవలసినవే. కానీ ఇరుకు గల్లీలో, తలమీద వేలాడే తీగల కింద, పండుగ చేసుకోక తప్పని బతుకు గురించి రాసినవారు కొద్దిమందే. వెడల్పాటి రోడ్డు, భూగర్భ తీగలు ఉన్నచోట రథం నెట్టినవాళ్లకు ఈ చావు రాదు.

సెలవు అందరికీ సెలవు కాదు. ఊరు నిద్రపోయాక నిమజ్జనపు చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలికి, క్రేను నడిపేవాడికి, బందోబస్తులో రెండు రాత్రులు నిలబడ్డ కానిస్టేబులుకు అది ఏడాదిలో కెల్లా బరువైన పనిదినం. ఆ పని లేకుండా ఈ వార్తల్లో ఏ ఒక్కటీ జరగదు.

కనుక మన రచయితలకు నా సూచన ఒక్కటే. పండుగను తిట్టిపోయడమూ వద్దు, నెత్తికెత్తుకోవడమూ వద్దు. మీమీ బస్తీల్లో మొదటి మండపం ఎవరు వేశారో, చందా పుస్తకంలో ఎవరి పేర్లున్నాయో, ఊరేగింపు ఏ వీధి గుండా పోయేదో, ఏ సంవత్సరం దారి ఎందుకు మారిందో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. ఆ చందా పుస్తకాలు చాలాచోట్ల చెదలు తింటున్నాయి, చెప్పగలవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. డోలీ మోసిన అప్పయ్య పేరు రెండు వందల ఏళ్లు నిలిచింది, జనం చెప్పుకున్నారు గనుక. ఈనాటి అప్పయ్యల పేర్లు అడుగుల లెక్కల కింద, వేలం పాటల కింద పడి పోకుండా చూడడం మన పని.