కోడిగ్రుడ్డు పులుసు – ఒక చిన్న చరిత్ర

“కోడిగ్రుడ్డుకు ఈకలు పీకడం” అని మనకొక జాతీయం ఉంది. గ్రుడ్డు పులుసుకు చరిత్ర వ్రాయబూనిన నన్ను చూసి చదువరులకు అదే గుర్తు రావచ్చు. అయినా నిత్యం మన కంచంలో ఉండే వస్తువు పూర్వోత్తరాలు తెలుసుకోవడం తప్పు కాదు కదా!

ముందుగా కోడి. ఆగ్నేయాసియా అడవులలోని ఎఱ్ఱ అడవికోడి మన పెంపుడు కోడికి మూలపురుషుడు. అయితే కోడి చర్మానికి పసుపు వన్నె నిచ్చిన జన్యువు మన దక్షిణాపథపు బూడిదవన్నె అడవికోడి నుండి వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చారు. మన సాహిత్యంలో కోడి కనబడేది ఎక్కువగా పందెపు బరిలోనే. పలనాటి కథలోనూ, క్రీడాభిరామంలోనూ కోడిపందెం ఉంది. గ్రుడ్డు ఊసు లేదు. మనుస్మృతి ఐదవ అధ్యాయం గ్రామకుక్కుటాన్ని ద్విజులకు నిషేధించింది. కనుక గ్రుడ్డు కూర పెరటిలో కోళ్ళను పెంచుకొన్న శ్రామిక కుటుంబాల పొయ్యి మీద పెరిగిన వంటకమని చెప్పవచ్చు.

ఇక పులుసు. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. అది ఇక్కడ ఎంతగా పాతుకొన్నదంటే, అరబ్బులు దాని పండును ‘తమర్-ఇ-హింద్’, అనగా ‘హిందూదేశపు ఖర్జూరం’ అన్నారు. మిరపకాయ అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కో డ గామా కోళికోడు చేరిన తరువాత, పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలలో మన తీరానికి వచ్చింది. అంతకు ముందు మన కారం మిరియమే. కొందరు పులుసులో వేసే రామములగ, అనగా టమాటా కూడా అమెరికా నుండి వచ్చినదే. అనాదిగా మనది అనుకొనే ఈ కూరలో మూడు ఖండాలు కలిసి ఉడుకుతున్నాయి.

పులుసు పెట్టే విధానం అందరికీ తెలిసినదే. గ్రుడ్లు ఉడికించి, వొలిచి, గాట్లు పెట్టి, పసుపు వేసిన నూనెలో వేయించాలి. ఆవాలు, మెంతులు, కరివేపాకు పోపులో ఉల్లిపాయలు మగ్గాక కారం, ఉప్పు, చింతపండు రసం పోసి, చిన్న బెల్లం ముక్క వేసి మరగనివ్వాలి. పులుసు చిక్కబడుతుండగా గ్రుడ్లు వేయాలి.

కాని మా చిన్ననాడు, 1960ల చివర, మా ఇంట ఇంకొక మెట్టు ఉండేది. ఉడికిన గ్రుడ్డును అమ్మ దారంతో సరిగ్గా రెండుగా కోసేది. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది అరవయ్యో డెబ్బయ్యో. వాటిలో కొన్ని పొదగడానికి, కొన్ని సంతకు పోయేవి. కూరకు మిగిలేవి మూడు. ఇంట్లో ఏడుగురం, ముక్కలు ఆరు. అమ్మ వాటాకు ఎప్పుడూ పులుసే. “నాకు పులుసే ఇష్టంరా” అనేది. చాలాకాలం నమ్మాను.

తరువాత కాలం మారింది. ఏడాదికి మూడువందలకు పైగా గ్రుడ్లు పెట్టే ఫారం కోళ్ళు వచ్చాయి. బి. వి. రావు గారి చొరవతో 1982లో రైతుల పక్షాన జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘం ఏర్పడి, ధర నిర్ణయం దళారుల చేతి నుండి తప్పించడానికి పూనుకొన్నది. 2003 జనవరిలో మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్నం వేడి అన్నం మొదలైంది. కొంతకాలానికి అందులో గ్రుడ్డు చేరింది.

గ్రుడ్డు పెట్టిన తొలినాడు నేను వడ్డన దగ్గర నిలుచున్నాను. మూడవ తరగతి బాలిక ఒకతె పళ్ళెం చాపి, “సారూ, సగమా, మొత్తమా?” అని అడిగింది.

“మొత్తం నీకేనమ్మా” అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మకు ఈ మాట చెప్పాను. ఆమె కాసేపు ఊరకుండి, “రేపు నాకూ ఒకటి వెయ్యమను” అన్నది. మరునాడు గ్రుడ్లు నేనే ఉడికించాను. దారం వాడలేదు.

స్వస్తి.