దూరపు నకలు: దాని చరిత్ర

2021వ సంవత్సరము మార్చి 10వ తేదీ తెల్లవారకమునుపే ఫ్రాన్సు దేశమందలి స్ట్రాస్‌బూర్ నగరములో ఐదంతస్తుల కట్టడమొకటి అగ్నికి ఆహుతి అయినది. అది ఓవీహెచ్ అను కంపెనీవారి సర్వర్ల కేంద్రము. అదృష్టవశమున ఎవరికిని గాయములు తగులలేదు. కాని ఆ ఆవరణలోని సర్వర్లు ఆగిపోవుటచే సుమారు 36 లక్షల వెబ్‌సైట్లు మూగవోయినవని నెట్‌క్రాఫ్ట్ సంస్థ అంచనా కట్టినది. వేరొక ఊరిలో నకలు ఉంచుకొన్న యజమానులు దానిని మరొక సర్వరు మీదికి దించుకొని తిరిగి పని సాగింపగలిగినారు. కొందరి నకళ్లు మాత్రము ఆ కట్టడములోనే ఉండినవి. అసలును నకలును ఒక్క రాత్రిలోనే బూడిద అయినవి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి?

నకలును దూరముగా ఉంచవలెనన్న ఆలోచన కొత్తది కాదు. దానిని చౌకగాను, నమ్మకముగాను చేయుటకే అర్ధశతాబ్దికి పైగా పట్టినది.

1952లో ఐబీఎం కంపెనీ 726 అను అయస్కాంతపు టేపు యంత్రమును వెలువరించినది. టేపుల కాలములో కార్యాలయములు “తాత, తండ్రి, కొడుకు” అను ఆచారమును పాటించెడివి. నేటి టేపు కొడుకు, దానికి ముందటిది తండ్రి, అంతకు ముందటిది తాత. కొడుకు చెడినచో తండ్రినుండి దానిని మరల తయారు చేయవచ్చును. దూరము కావలెనన్నచో ఒక మనిషి టేపును చేతపట్టుకొని వేరొక కట్టడమునకు మోసికొనిపోవలసినదే.

తరువాత కంప్యూటర్ల నడుమ తీగలు వచ్చినవి. కాని ఆ తీగల దారి ఇరుకు. సెకనుకు 28,800 బిట్లు పంపు మోడెము ద్వారా 24 మెగాబైట్ల ఫైలు పోవుటకు దాదాపు 1 గంట 50 నిమిషములు పట్టును. ఆ ఫైలులో నిన్నటికిని నేటికిని మారినది నాలుగు పంక్తులే అయినను అంత కాలము వేచియుండవలసినదేనా?

ఈ చిక్కును విప్పినవారు ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా నగరమందలి ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనువారు. 1996 జూన్ నెలలో వారు ఆర్‌సింక్ అను పద్ధతిని ప్రకటించినారు. పాత నకలు దూరపు యంత్రములో ఉన్నది, కొత్త ఫైలు ఇవతలి యంత్రములో ఉన్నది. రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చు వీలు లేదు. అందుచేత దూరపు యంత్రము తన పాత నకలును, ఉదాహరణకు 1000 బైట్ల చొప్పున, ఖండములుగా విభజించి ఒక్కొక్క ఖండమునకు రెండు గుర్తులు కట్టును. మొదటిది సులువుగా లెక్కకు వచ్చు తేలిక గుర్తు, 4 బైట్లు. రెండవది శ్రమపడి లెక్కింపవలసిన గట్టి గుర్తు, 16 బైట్లు. ఈ 20 బైట్లు మాత్రమే ఇవతలికి వచ్చును. అనగా ఖండములో 50వ వంతు మాత్రమే.

కొత్త ఫైలు మొదటనే ఒక్క అక్షరము చేర్చబడినదనుకొందము. అప్పుడు తరువాతి అక్షరములన్నియు ఒక స్థానము జరుగును, ఖండముల హద్దులు ఒక్కటియు కలియవు. కావున ఇవతలి యంత్రము 1000 బైట్ల కిటికీవంటి దానిని ఒక్కొక్క బైటు చొప్పున ముందుకు జరుపుచు, ప్రతి స్థానమునందును తేలిక గుర్తు చూడవలెను. ప్రతిసారి వేయి అంకెలు కూడవలెనన్నచో తెల్లవారిపోవును గదా! కాని 4, 7, 2, 5 అను అంకెల మొత్తము 18 అని తెలిసిన పిదప, కిటికీ జరిగి 7, 2, 5, 9 అయినచో మరల కూడనక్కరలేదు. బయటికి పోయిన 4 తీసివేసి, లోనికి వచ్చిన 9 కలిపిన 23 వచ్చును. అంకెలు 7, 4, 2, 5 అని తారుమారైనను మొత్తము 18 గానే ఉండును. అందువలన స్థానమునుబట్టి హెచ్చవేసిన మరొక మొత్తమును దీనికి జతచేసినారు. తేలిక గుర్తు కలిసినచోట మాత్రమే గట్టి గుర్తును లెక్కించి ధ్రువపరచుకొనుట జరుగును. రెండును కలిసినచో “ఇది నీయొద్దనున్న 37వ ఖండము” అని సంఖ్య పంపిన చాలును. కలియని బైట్లే తీగమీద ప్రయాణము చేయును.

దారి ఖర్చు తగ్గినది. కాని మరొక లోపము మిగిలినది. సోమవారము పొరపాటున చెరిపివేసిన పుట సంగతి యజమాని శుక్రవారమునాడు గ్రహించినచో, అప్పటికి దూరపు నకలులోనుండియు అది చెరిగిపోయియుండును. కావున అనేక దినముల నకళ్లు కావలెను, అవి స్థలమును మింగివేయరాదు. 2002లో అమెరికాలోని బెల్ లేబరేటరీలకు చెందిన షాన్ క్విన్లన్, షాన్ డోర్‌వార్డ్ ‘వెంటీ’ అను భాండారమును వర్ణించినారు. అందులో ఒక ఖండమునకు చిరునామా ఆ ఖండములోని విషయమునుండియే పుట్టును. ఎస్‌హెచ్‌ఏ-1 అను గణనచే వచ్చిన 20 బైట్ల గుర్తే ఆ చిరునామా. అదే ఖండము మరునాడు మరల వచ్చినచో క్రొత్తగా దాచనక్కరలేదు. కావున పెద్దగా మారని వెబ్‌సైటుకు 30 దినముల నకళ్లు ఒక్క నకలు కంటె కొంచెమే ఎక్కువ చోటు తీసికొనును. 2017లో ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 గుర్తు గల రెండు వేర్వేరు ఫైళ్లను పరిశోధకులు చూపించినారు. నేడు ఇట్టి పనులకు 32 బైట్ల ఎస్‌హెచ్‌ఏ-256 వంటి గుర్తులను వాడుచున్నారు.

2006 మార్చిలో అమెజాన్ కంపెనీ ఎస్-3 అను పేరుతో నిల్వస్థలమును నెలసరి అద్దెకు ఇయ్యసాగినది. చిన్న వెబ్‌సైటు యజమానికి సైతము దూరపు నకలు అందుబాటులోనికి వచ్చినది.

ఇంతటితో కథ ముగిసినదా? లేదు. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు వేరొక సర్వరులో ఉన్నానని భ్రమపడి అసలు సమాచారపు డైరెక్టరీని చెరిపివేసెను. క్షణములలో తప్పు తెలిసికొని ఆపునప్పటికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లే మిగిలినవి. ఎస్-3లోని నకలుకొరకు వెదకగా అచ్చట ఏమియు లేదు. సమాచార నిలయము 9.6వ కూర్పు కాగా, నకలు తీయు ఉపకరణము 9.2వ కూర్పు. అది రోజూ విఫలమగుచుండినది. వైఫల్యమును తెలుపు ఈమెయిళ్లు సైతము తిరస్కరింపబడి ఎవరికిని చేరలేదు. వేరొక పనికై ఆరు గంటలముందు తీసిన నకలు ఒకటి దైవికముగా ఉండుటచే అధికభాగము దక్కినది. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము పోయినది. కంపెనీవారు ఈ వృత్తాంతమంతయు దాచక ప్రకటించుట మెచ్చదగిన విషయము.

ఈ చరిత్ర చెప్పు పాఠములు స్పష్టము. నకలు వేరొక ఊరిలో ఉండవలెను. ఒక్క దినముది గాక పలు దినములవి ఉండవలెను. వెబ్‌సైటు సర్వరుకు నకళ్లను చేర్చు అధికారమే తప్ప చెరుపు అధికారము ఉండరాదు. లేనిచో దానిలోనికి చొరబడిన దొంగ రెండింటిని తుడిచిపెట్టును. “నకలు తీసితిని” అను కబురుకంటె “నేడు నకలు రాలేదు” అను హెచ్చరిక ముఖ్యము. అది ఒక మనిషికి చేరితీరవలెను.

అన్నింటికంటె పెద్ద పాఠము మరొకటి కలదు. అప్పుడప్పుడు నకలును ఖాళీ సర్వరు మీదికి దించి, వెబ్‌సైటు నిజముగా తెరుచుకొనునా, ఎన్ని గంటలు పట్టును అని గడియారము పెట్టి చూడవలెను. తిరిగి నిలబెట్టి చూడని నకలు ఆశ మాత్రమే, రక్షణ కాదు.