ఆదివారం ఎవరిది?

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం మోగితే మా ఇంట్లో ముగ్గురికి మెలకువ వస్తుంది. సైకిలు తొక్కేది మాత్రం నేనొక్కణ్ణే.

వారమంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం. నలభై దాటాక డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం చూపించి భయపెట్టారు. అక్కడ మొదలైంది ఈ సైకిలు పిచ్చి. శనివారం నలభై కిలోమీటర్లు. ఆదివారం చేవెళ్ళ మర్రిచెట్ల కిందుగా వెళ్ళి రావడం, మొత్తం వంద. ఇంటికి రాగానే దూరం, సగటు వేగం, గుండె వేగం అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించుకుంటాను. (సాఫ్ట్‌వేరు వాణ్ణి కదా, ఎక్సెల్‌లో లేనిది జరగనట్టే లెక్క!)

మొన్నొక ఆదివారం పదిన్నరకి ఇల్లు చేరి, "ఇవాళ సగటు ఇరవై ఆరు!" అని గొప్పగా చెప్పాను. మా ఆవిడ దోసె తిప్పుతూ, "బాగుంది. మరి ఆ ఆరు గంటలూ ఎవరి ఖాతాలోంచి తీశారు?" అంది. కోపంగా కాదు, మామూలుగానే. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి అట్టలు, జిగురు తెచ్చి దగ్గర కూచుని చేయిస్తానని ముందు రోజు మాటిచ్చింది నేనే. నేనొచ్చేసరికి ప్రాజెక్టు ముప్పాతిక వంతు అయిపోయింది.

సరే, సొంత గోడు పక్కన పెడతాను. ఆ ప్రశ్న పట్టుకుని ఆలోచిస్తుంటే నాకు ఇంగ్లండుకి చెందిన బెరిల్ బర్టన్ గుర్తొచ్చింది. అభిమానం కొద్దీ ఆవిడ గురించి చాలాసార్లు చదివాను. కానీ ఈసారి కథ ఇంకోలా కనిపించింది.

ముందు కొంచెం నేపథ్యం. ఆదివారం తెల్లవారుజామునే సైకిలెక్కే అలవాటుకి ఇంగ్లండులో పాత కారణం ఉంది. 1890ల్లో గుంపులుగా రోడ్ల మీద పందేలు పెడితే పోలీసులతో గొడవలొచ్చేవి. సైకిలు సంఘం వాళ్ళు భయపడి రోడ్డు పందేలకి దూరం జరిగారు. అప్పుడు పుట్టింది టైమ్ ట్రయల్. ఒక్కొక్కరినీ కాస్త ఎడంగా వదుల్తారు, ఎవరి పోటీ వాళ్ళకి గడియారంతోనే. ఎవరి కంటా పడకుండా తెల్లారకముందే రావాలి, నల్లబట్టలు వేసుకోవాలి, దారులకి పేర్లు కాకుండా రహస్య సంకేతాలు ఉండాలి. దొంగతనానికి వెళ్ళినట్టే! ఆ తర్వాత రోజులు మారినా, ఆదివారం పొద్దున ఒంటరిగా గడియారంతో పోటీపడే అలవాటు మాత్రం నిలిచిపోయింది. ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషుల ఆట అది. డబ్బు రాదు.

బెరిల్ ఆ ఆటలో పెరిగిన మనిషి. 1937లో లీడ్స్‌లో పుట్టింది. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి ఏడాదికి పైగా ఆసుపత్రిలోనూ, విశ్రాంతి గృహంలోనూ గడిపింది. ఒళ్ళు అలిసే పనులు చెయ్యొద్దన్నారు డాక్టర్లు. 1955లో చార్లీ బర్టన్ని పెళ్ళి చేసుకుంది. సైకిలు పరిచయం చేసింది అతనే. మరుసటేడు కూతురు డెనీస్ పుట్టింది. ఆ పసిపిల్లని ఇంట్లో పెట్టుకునే ఆవిడ పోటీల్లోకి దిగింది.

ఇక చూడండి. 1959లో ట్రాక్ మీద మొదటి ప్రపంచ టైటిల్. మొత్తం ఏడు: పర్స్యూట్‌లో అయిదు, రోడ్డు పందెంలో రెండు (1960, 1967). బ్రిటన్లో ఏడాది పొడవునా చూపిన ప్రతిభకి ఇచ్చే 'బెస్ట్ ఆల్‌రౌండర్' టైటిల్ 1959 నుంచి 1983 దాకా వరసగా ఇరవై అయిదేళ్ళు ఆవిడదే. ఇదంతా అమెచ్యూర్‌గానే. బతుకుతెరువు కోసం ఏళ్ళ తరబడి మోర్లీ దగ్గర, తమ క్లబ్బులోనే ఉన్న ఒకాయన పొలంలో రూబార్బ్ (పుల్లటి కాడల పంట) తవ్వి, పెట్టెలు మోసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి సైకిలు పందెం పెట్టింది 1984లో. అప్పటికి ఆవిడకి 47 ఏళ్ళు.

అందరూ చెప్పుకునేది 1967 సెప్టెంబరు నాటి పన్నెండు గంటల పోటీ. ఆవిడ మగవాళ్ళందరి వెనకా బయల్దేరింది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయి, చివరికి ముందున్న మైక్ మెక్‌నమారాని అందుకుంది. దాటేటప్పుడు ఏమనాలో తోచక జేబులోంచి అతిమధురం మిఠాయి తీసి ఇచ్చింది. అతను పుచ్చుకున్నాడు. ఆ రోజు మెక్‌నమారా మగవాళ్ళ పాత రికార్డు దాటాడు: 276.52 మైళ్ళు. ఆవిడ తొక్కింది 277.25, అంటే సుమారు 446 కిలోమీటర్లు. ఆ దూరాన్ని మగవాళ్ళు దాటడానికి రెండేళ్ళు పట్టింది. ఆడవాళ్ళు దాటింది 2017లో, సరిగ్గా యాభై ఏళ్ళకి.

ఈ కథ ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఈసారి నేను చార్లీ కోసం వెతికాను. అతనూ సైకిలు తొక్కేవాడే. భార్య తనకన్నా ఎంతో మెరుగని తెలిశాక తన పోటీలు వెనక్కి నెట్టేశాడు. కారు నడిపాడు, సైకిలు బాగుచేశాడు, దారిలో నీళ్ళు, తిండి అందించాడు, పిల్లని చూసుకున్నాడు. రికార్డు పట్టికలో అతని పేరు లేదు. అయినా బెరిల్ గురించి రాసినవాళ్ళలో చార్లీని తలవనివాళ్ళు అరుదు.

ఎందుకు తలుచుకున్నారు? నాకనిపించేది ఇదీ: తొక్కింది ఆడమనిషి కాబట్టి, 'మరి పిల్లని ఎవరు చూశారు?' అన్న ప్రశ్న లోకానికి దానంతటదే వచ్చింది. మగవాడు ఆదివారం వంద మైళ్ళు తొక్కొస్తే ఆ ప్రశ్న ఎవరూ అడగరు. బెరిల్‌తో పాటు ఆ పోటీలో తొక్కిన మగవాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలుండే ఉంటారు, వాళ్ళని ఎవరో ఒకరు చూసే ఉంటారు. వాళ్ళ పేర్లు నేనెక్కడా చదవలేదు.

అలాగని బెరిల్‌ది ఆదర్శ కుటుంబం అని ముగ్గు వేసి చూపించను. డెనీస్ కూడా పోటీదారు అయింది. 1972లో తల్లీకూతుళ్ళు ప్రపంచ పోటీల్లో ఒకే జట్టులో దిగారు. 1976 జాతీయ రోడ్డు పందెంలో ఇద్దరూ చివరిదాకా కలిసొచ్చి, ఆఖరి పరుగులో కూతురు గెలిచింది. తల్లి చెయ్యి కలపలేదు. ముందుండి గాలిని చీల్చే కష్టంలో కూతురు తన వంతు తీసుకోలేదని ఆవిడ కోపం. తర్వాత ఆత్మకథలో తను చేసింది ఆటకి తగని పని అని ఒప్పుకుంది. 1982లో తల్లీకూతుళ్ళు ఒకే టాండెమ్ ఎక్కి పది మైళ్ళ బ్రిటిష్ రికార్డు బద్దలు కొట్టారు. 1996 మే 5న, తన 59వ పుట్టినరోజు పిలుపులు పంచడానికి సైకిలు మీద వెళ్తూ, గుండె ఆగి బెరిల్ చనిపోయింది.

నాకు ఏ రికార్డూ రాదు. సగటు ఇరవై ఆరు ముప్ఫై అయినా లోకానికి ఒరిగేదేమీ లేదు. అంత గొప్ప మనిషి ఆదివారాలకే ఇంట్లో ఇంకొకరు మూల్యం చెల్లించాల్సొస్తే, నా ఆదివారం ఉచితంగా వస్తోందని ఇన్నాళ్ళూ ఎలా అనుకున్నానో! అమెచ్యూర్ అంటే డబ్బు తీసుకోనివాడు. ఖర్చు లేనివాడు అని కాదు.

సైకిలు మానెయ్యలేదు లెండి, అంత త్యాగం నా వల్ల కాదు. ఆదివారం వంద ఇప్పుడు నెలకి రెండుసార్లే. మిగతా రెండు ఆదివారాలూ పొద్దున్నే మా ఆవిడ బయటికెళ్తుంది. ఎక్కడికని నేను అడగను, ఆవిడ చెప్పదు. ఎక్సెల్‌లో మాత్రం ఒక గడి పెంచాను: 'ఇంట్లో ఎవరు?' పాత వరసలన్నీ నింపుకుంటూ వెనక్కి వెళ్ళాను. మూడేళ్ళు, ప్రతి వారం, ఒకటే పేరు.