నాలుగో పంపు

మా స్నేహితుడు తన చిన్న పడవలో ఒంటరిగానే చేపలకి వెళ్తాడు. అడుగున చేరే నీటిని తోడే పంపుకి తోడుగా రెండోది బిగించాం: కాస్త ఎత్తులో, వేరే బ్యాటరీ, వేరే గొట్టం.

1770 జూన్ 11 రాత్రి కెప్టెన్ కుక్ ఓడ ఎండీవర్ ఆస్ట్రేలియా తీరాన పగడపు దిబ్బెక్కింది. ఉన్న నాలుగు పంపుల్లో ఒకటి ఎంత తంటాలు పడ్డా పనిచెయ్యలేదు. (ముందే ఓసారి పరీక్షించి చూస్తే ఏం పోయిందో!) మిగతా మూడింటితో అందరూ వంతులేసుకుని తోడారు. ఆరు ఫిరంగులు సముద్రంలో పారేశారు. మర్నాడు రాత్రికి ఓడ తేలింది. నార, ఉన్ని అంటించిన తెరచాపని ఓడ అడుగుకి లాగి కట్టాక ఒక్క పంపే సరిపోయింది. తీరా ఒడ్డుకి చేర్చి చూస్తే, చిల్లులో పగడపు ముక్క బిరడాలా ఇరుక్కుని ఉంది.